సంచిలోకి తిరిగిపోయిన నాణెం

(హనుమకొండలో నాటక విద్యార్థులు, కళాకారుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

వచ్చే చలికాలానికి 'మదర్ కరేజ్' నాటకాన్ని తెలుగులో ఆడాలని ఇదిగో, ఈ ముందు వరుసలో కూర్చున్న పిల్లలు నిశ్చయించుకున్నారు. పది రోజుల కింద వాళ్లు కూర్చుని నాటకం చదువుకుంటుంటే నేనూ వెళ్లాను. చివరి రంగం చదవడం పూర్తయ్యాక కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత ఒక అబ్బాయి, "సార్, ఇక్కడ జనమంతా ఏడిస్తే మనం గెలిచినట్టే కదా?" అని అడిగాడు. అవుననడానికి నాకు మనసొప్పలేదు, కాదనడానికి నోరు రాలేదు. దాన్ని రాసిన జర్మన్ నాటకకర్త బెర్టోల్ట్ బ్రెక్ట్ కూడా తన చివరి పదిహేనేళ్లు ఈ ప్రశ్నతోనే పెనుగులాడాడు. నాటకం ఏ దేశం వెళ్లినా ఈ ప్రశ్న ఆ బండి వెనకే నడిచింది. ఆ అబ్బాయికి ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబు కోసం, ఈ నాటకం తిరిగిన దారి వెంట మిమ్మల్ని ఇవాళ తీసుకువెళతాను.

కథ తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. 1618 నుంచి 1648 దాకా ఐరోపాలో మతం పేరు మీద ముప్పై ఏళ్లు యుద్ధం సాగింది. ఆ దండుల వెంట ఒక ఆడమనిషి గూడుబండి లాక్కుంటూ తిరుగుతుంది. సైనికులకు సారా, బెల్టు బకిళ్లు, చొక్కాలు, రొట్టె అమ్ముతుంది. పేరు అన్నా ఫీర్లింగ్. రీగా నగరం మీద ఫిరంగులు పేలుతుంటే వాటి మధ్యలోంచి బండి తోలుకొచ్చిందని అందరూ ఆమెను 'కరేజ్' అన్నారు. ఎందుకు తోలుకొచ్చావంటే ఆమె చెప్పే కారణం ఒక్కటే: బండిలో యాభై రొట్టెలున్నాయి, బూజు పట్టడం మొదలైంది. ఆమెకు ముగ్గురు పిల్లలు. పెద్దవాడు ఐలిఫ్ తెగువ గలవాడు, రెండోవాడు స్విస్ చీజ్ నిజాయితీపరుడు, కూతురు కాట్రిన్ మూగది, జాలిగుండె గలది. యుద్ధం మీద బతుకుతూనే పిల్లలను యుద్ధానికి దూరంగా దాచుకోవాలని తల్లి ఆశ. ముగ్గురినీ యుద్ధమే తీసుకుపోతుంది. చివరకు తానొక్కతే బండి కాడి మెడకెత్తుకుని మళ్లీ దండు వెంట పోతుంది.

మనకు దండుకు ఎదురు నిలిచిన తల్లి తెలుసు. రెండేళ్లకోసారి మేడారంలో లక్షల మంది ఆమెకు మొక్కుతారు. సమ్మక్క కూడా పిల్లలతోనే యుద్ధంలోకి వెళ్లింది. కానీ దండు వెంట అంగడి పెట్టుకుని, యుద్ధం ఆగితే బేరం పోతుందని దిగులుపడే తల్లి మన కథల్లో అరుదు. అందుకే తొలిసారి చదివినప్పుడు మన పిల్లల చూపు ఆమె కడుపుకోత మీదికే వెళ్లింది. జ్యూరిక్‌లోనూ అదే జరిగింది.

అంతకుముందు రాసిన కాలం గురించి ఒక మాట. హిట్లర్ అధికారంలోకి వచ్చిన కొద్ది వారాలకే, 1933 ఫిబ్రవరి చివర్లో, బ్రెక్ట్ జర్మనీ వదిలాడు. డెన్మార్క్, తర్వాత స్వీడన్, తర్వాత ఫిన్లాండ్. స్వీడన్‌లో ఉండగా, 1939 సెప్టెంబరులో పోలండ్ మీద దాడితో ప్రపంచ యుద్ధం మొదలైంది. ఆ శరత్కాలంలోనే ఈ నాటకం పుట్టింది. భార్య హెలెన్ వైగెల్ గొప్ప నటి. పరాయి దేశంలో, పరాయి భాషలో ఆమెకు వేషం ఎవరిస్తారు? అందుకే కాట్రిన్‌ను మూగదాన్ని చేశాడు. స్వీడిష్ రాకపోయినా వైగెల్ ఆ పాత్ర వేయగలదని ఆయన ఆలోచన. ఈ సంగతి తెలిసినప్పటి నుంచి కాట్రిన్ మౌనం నాకు వేరుగా వినిపిస్తోంది. ఊరు, భాష రెండూ పోగొట్టుకున్న ఒక నటి కోసం రాసిన మౌనం అది. ఆ అవకాశం ఆమెకు అక్కడ దక్కలేదు. దేశాలు దాటుతూ గడిపిన ఆ దాదాపు పదిహేనేళ్లలో ఆమెకు రంగస్థలం మీద వేషాలు దక్కింది చాలా అరుదు.

తొలి ప్రదర్శన 1941 ఏప్రిల్ 19న, స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో. చుట్టూ హిట్లర్ సైన్యాలు, మధ్యలో తటస్థ దేశం. నాజీల నుంచి పారిపోయి వచ్చిన కళాకారులకు ఆ థియేటర్ ఆశ్రయం. దర్శకుడు లియోపోల్డ్ లింట్‌బర్గ్. కరేజ్‌గా వేసిన తెరేజె గీజె కూడా మ్యూనిక్ వదిలి వచ్చిన యూదు నటి. బ్రెక్ట్ ఆ రాత్రి అక్కడ లేడు. ఫిన్లాండ్‌లో అమెరికా ప్రయాణానికి అనుమతి కాగితాల కోసం ఎదురుచూస్తున్నాడు. ప్రదర్శన బాగా నడిచింది. జనం కన్నీరు పెట్టుకున్నారు. విమర్శకులు కరేజ్‌ను పిల్లలందరినీ పోగొట్టుకుని రాయిగా మారిన గ్రీకు పురాణపు తల్లి నియోబీతో పోల్చారు, ఎన్ని దెబ్బలు తిన్నా లొంగని మాతృశక్తి అని మెచ్చుకున్నారు. ఆ మెప్పు విని బ్రెక్ట్ బాధపడ్డాడు. తాను చూపించాలనుకున్నది యుద్ధాన్ని వ్యాపారంగా చేసుకున్న మనిషిని. వాళ్లు చూసింది దేవతను.

అప్పుడు ఆయన చేసిన పని నాటకం రాసేవాళ్లు నేర్చుకోదగ్గది. ప్రేక్షకులను తిట్టుకుంటూ కూర్చోలేదు. కలం తీసుకుని రంగాలు తిరగరాశాడు. మొదటి రంగంలో సైన్యంలోకి మనుషులను చేర్చుకునేవాళ్లు ఐలిఫ్‌ను పక్కకు తీసుకుపోతారు. ఆ సమయంలో తల్లి ఒక బకిల్ బేరంలో మునిగి ఉన్నట్టు మార్చాడు. చేతికొచ్చిన నాణెం మంచిదో కాదో పంటితో కొరికి చూస్తుంటుంది, అంతలో కొడుకు పోతాడు. ఐదో రంగంలో గాయపడ్డ రైతులకు కట్టు కట్టడానికి గుడ్డ కావాలి. పాత ప్రతిలో ఆమె అమ్మకానికి పెట్టిన చొక్కాలు తానే ఇస్తుంది. కొత్త ప్రతిలో ఇవ్వనంటుంది. కాట్రిన్ కట్టె ఎత్తి తల్లి మీదికి వెళుతుంది. చివరకు పాదరీ ఆమెను బండి మీంచి ఎత్తి దింపి చొక్కాలు తీసుకుంటాడు. చిన్న మార్పులే. కానీ ఇంటి పునాది రాళ్లు కదిలించినట్టు నాటకం మొత్తం కదిలింది.

1948 అక్టోబరులో బ్రెక్ట్ బెర్లిన్ చేరాడు. 1949 జనవరి 11న డాయిచెస్ థియేటర్‌లో ప్రదర్శన. దర్శకత్వం ఆయనా, ఎరిక్ ఎంగెల్ కలిసి. సంగీతం పాల్ దెస్సావ్. నగరం అప్పటికి ఇటుకల కుప్ప. పైగా సోవియట్ సైన్యం పెట్టిన దిగ్బంధం, నగరం పశ్చిమ భాగానికి తిండి, బొగ్గు విమానాల మీద వస్తున్న రోజులు. ప్రేక్షకుల్లో కొడుకులను పోగొట్టుకున్న తల్లులున్నారు, యుద్ధం జరిగినన్నాళ్లు దాని మీద నాలుగు రూకలు చేసుకున్నవాళ్లూ ఉన్నారు. కొందరు ఆ రెండూ అయినవాళ్లే. వాళ్ల ముందుకు వైగెల్ బండి వచ్చింది. కొడుకులు కాడి లాగుతున్నారు, తల్లీ కూతుళ్లు బండి మీద కూర్చుని ఉన్నారు, హుషారుగా పాట. రంగస్థలం మీద తిరిగే వేదిక ఒకవైపు తిరుగుతుంటే బండి దానికి ఎదురుగా నడుస్తుంది. చక్రాలు తిరుగుతూనే ఉంటాయి, బండి మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. వెలుగు ఎక్కడా మసకగా ఉండకూడదని, అంతా తెల్లగా కనిపించాలని బ్రెక్ట్ పట్టుబట్టాడు.

వైగెల్ చేతుల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. కోటు బొత్తం రంధ్రంలో పువ్వు పెట్టుకున్నట్టు ఒక చెంచా గుచ్చుకునేది. నడుముకు తోలుసంచి. దాన్ని మూసినప్పుడల్లా టప్పుమని చప్పుడు. ఆ చప్పుడు నాటకమంతా వినిపిస్తుంది. చివరి రంగంలో కాట్రిన్ చచ్చిపోయి ఉంటుంది. తల్లి ఆమెను ఒళ్లో పెట్టుకుని నిద్రపోతోందన్నట్టు జోల పాడుతుంది. ఆ తర్వాత పూడ్చిపెట్టడానికి రైతులకు డబ్బివ్వాలి. సంచిలోంచి కొన్ని నాణేలు తీస్తుంది. చూసుకుంటుంది. ఒకటి తిరిగి సంచిలో వేస్తుంది. మిగతావి ఇస్తుంది.

ఇంతే. ఒక్క నాణెం.

బ్రెక్ట్ దీన్ని తన నోట్స్‌లో ప్రత్యేకంగా రాసుకున్నాడు. ఆ చేష్ట వల్ల ఆ రంగంలోని దుఃఖం రవ్వంత కూడా తగ్గలేదని కూడా రాశాడు. నేను మీకు చెప్పదలచినదంతా ఆ రెండో మాటలోనే ఉంది. బ్రెక్ట్ అంటే ఏడవనివ్వడు, ఆలోచించమని గద్దిస్తాడు అని మనకు ఎవరో చెప్పారు, మనం అలాగే నమ్మాం. బెర్లిన్‌లోనూ జనం ఏడ్చారు. ఆయన వాళ్ల కళ్లు తుడవలేదు. కన్నీటి పొర లోంచి కూడా ఆ నాణెం కనిపించేలా చేశాడు. కరేజ్‌కు చివరికైనా బుద్ధి రావాలి కదా అని తోటి రచయిత ఫ్రీడ్రిష్ వుల్ఫ్ అడిగితే, ఆమె నేర్చుకోకపోయినా ఆమెను చూస్తున్నవాళ్లు నేర్చుకోవచ్చు అన్నది ఆయన జవాబు.

ఇప్పుడు వైగెల్ నటనలో 'మౌనపు కేక' అని పేరుపడ్డ క్షణం దగ్గరికి వస్తాను. మూడో రంగంలో స్విస్ చీజ్ శత్రువులకు చిక్కుతాడు. రెండు వందల గిల్డర్లు లంచమిస్తే వదులుతారు. తల్లి బండి తాకట్టు పెట్టి డబ్బు తేవాలి, మళ్లీ బతకడానికి కొంత మిగుల్చుకోవాలి. బేరం మొదలుపెడుతుంది, తగ్గించమంటుంది, ఇంకొంచెం తగ్గించమంటుంది. తాడు తెగేదాకా లాగడమంటే ఇదే. చివరికి, "ఎక్కువసేపు బేరమాడానేమో" అని తనలో తాను అనుకుంటుంది. అంతలో తుపాకులు పేలుతాయి. వైగెల్ ఆ క్షణాన తల వెనక్కి వాల్చి నోరు పూర్తిగా తెరిచేది. గొంతులోంచి చిన్న శబ్దం కూడా వచ్చేది కాదు. చూసినవాళ్లు జీవితాంతం మరిచిపోలేదు. ఇరవయ్యో శతాబ్దపు నటనలో ఆ క్షణం గురించి రాసినంతగా మరే క్షణం గురించీ రాసి ఉండరని నా నమ్మకం.

ఆ భంగిమ ఎక్కడిది? సింగపూర్ మీద ఫిరంగి దాడి జరిగినప్పుడు, చనిపోయిన కొడుకు శవం పక్కన కూలబడ్డ ఒక భారతీయ స్త్రీ పత్రికా ఛాయాచిత్రం నుంచి అది బహుశా వచ్చి ఉంటుందని బ్రెక్ట్ స్వయంగా రాశాడు. పత్రికల్లోని యుద్ధ చిత్రాలను కత్తిరించి దాచుకుని, వాటి కింద నాలుగేసి పాదాల పద్యాలు రాసే అలవాటు ఆయనకు ఉండేది. ఈ సంగతి మొదట చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. నలభై ఏళ్లుగా ఆ కేకను యూరప్ నటనకు శిఖరమని పిల్లలకు చెబుతూ వచ్చాను. మన దేశం నుంచి కడుపు చేత పట్టుకుని కడలి దాటిన కుటుంబాల్లోని ఒక తల్లి అది. ఆమె పేరు నాటక చరిత్రలో లేదు. ఆమె నోరు మాత్రం బెర్లిన్‌లో, పారిస్‌లో, లండన్‌లో తెరుచుకుంది. మీరు ఈ నాటకం వేస్తే విదేశీ నాటకాన్ని తెచ్చుకుంటున్నామని మొహమాటపడకండి. అందులో మన ఇంటిది ఒకటి ముందే ఉంది.

బెర్లిన్ తర్వాత నాటకం ఊళ్లు పట్టింది. ప్రదర్శనను రూత్ బెర్లావ్ వందల ఫోటోలు తీసింది. వాటితో ఒక నమూనా పుస్తకం తయారైంది. వేరే థియేటర్లు ఈ నమూనాను అనుసరించే ఆడాలన్నారు. కళాకారుల చేతులు కట్టేస్తున్నారని జర్మనీలోనే గొడవ లేచింది. ఆ గొడవలో కొంత న్యాయముంది. కానీ 1950లో మ్యూనిక్‌లో అదే నమూనాతో ఆడినప్పుడు, జ్యూరిక్‌లో తొలిసారి ఆ వేషం కట్టిన గీజెకు బ్రెక్టే దర్శకుడు. నమూనాలో ఉంటూనే ఆమె తనదైన కొత్తదనం ఎంతో చేర్చింది, ఆయన సంతోషంగా ఒప్పుకున్నాడు. మన చిందు భాగవతంలోనూ ఇదే కదా. ఆట కట్టు తాతల నాటిది, అందులో ఆడే మనిషి మాత్రం ఆ రాత్రిది.

1951లో జాన్ విలార్ ఫ్రెంచ్‌లో ఆడించాడు. 1954లో బ్రెక్ట్, వైగెల్‌ల నాటక బృందం బెర్లినర్ ఎన్సెంబుల్ తన జర్మన్ ప్రదర్శననే పారిస్ అంతర్జాతీయ ఉత్సవానికి తీసుకెళ్లి మొదటి బహుమతి పొందింది. యుద్ధం ముగిసి తొమ్మిదేళ్లే అయింది. ఆక్రమణ నాటి గాయం ఆరని నగరంలో జర్మన్ మాట వినిపించడమే సాహసం. అక్కడ చూసినవాళ్లలో విమర్శకుడు రొలా బార్త్ ఒకడు. కరేజ్ గుడ్డిది కనుకనే మనకు చూపు వస్తుందన్న అర్థంలో ఆయన రాసినది, జ్యూరిక్ విమర్శకులు పోగొట్టిన దారిని తిరిగి పట్టించింది.

ఇంగ్లండ్‌లో మొదట దెబ్బతింది. 1955లో బార్న్‌స్టేపుల్ అనే చిన్న పట్టణంలో జోన్ లిటిల్‌వుడ్ దర్శకత్వం వహించింది. ఆమే కరేజ్‌గా వేయాలని బ్రెక్ట్ షరతు పెట్టాడు. రెండు కాడ్లు ఒకే మెడ మీద పడితే ఏమవుతుందో అదే అయింది. మరుసటి ఏడాది ఎన్సెంబుల్ లండన్ బయలుదేరింది. 1956 ఆగస్టు 5న బ్రెక్ట్ తన నటులకు ఒక చీటీ రాసి నోటీసు బోర్డు మీద పెట్టాడు. జర్మన్ కళ అంటే బరువు, నత్తనడక అని ఇంగ్లీషువాళ్లకు భయం, కాబట్టి మన ఆట చురుగ్గా, తేలిగ్గా, బలంగా ఉండాలి అని అందులో రాశాడు. చాలామందికి జర్మన్ రాదు గనుక వాళ్లకు మనం చూపేది ఒకరకంగా మూకీ సినిమాయే అని కూడా. తొమ్మిది రోజులకు, ఆగస్టు 14న, ఆయన చనిపోయాడు. ఆగస్టు 27న లండన్ పాలెస్ థియేటర్‌లో వైగెల్ ఆ బండి లాగింది. భర్త పోయి రెండు వారాలు కూడా కాలేదు. ఆ రాత్రి ఆమె తల వెనక్కి వాల్చి నోరు తెరిచినప్పుడు, ఆ మౌనంలో ఏముందో ఊహించుకోవడానికి నాకు ధైర్యం చాలదు.

వియన్నా కథ వేరు. కమ్యూనిస్టు అని అక్కడి పెద్ద థియేటర్లు పదేళ్లు బ్రెక్ట్‌ను బహిష్కరించాయి. 1963 ఫిబ్రవరిలో ఫోక్స్‌థియేటర్ ఈ నాటకంతోనే ఆ బహిష్కరణను తెంచింది. కరేజ్‌గా వేసింది డొరొతేయా నెఫ్. నాజీల కాలంలో ఈ నటి తన యూదు స్నేహితురాలిని సొంత ఇంట్లో యుద్ధం ముగిసేదాకా దాచింది. నిజమైన ధైర్యం ఉన్న మనిషి ధైర్యమనే పేరున్న వ్యాపారిగా వేసింది. అదే ఏడాది మార్చిలో న్యూయార్క్ బ్రాడ్‌వేలో జెరోమ్ రాబిన్స్ దర్శకత్వంలో ఆన్ బాన్‌క్రాఫ్ట్ ఆడింది. 52 ప్రదర్శనలతో మూతపడింది.

మనకు కావలసిన మలుపు 1976. న్యూయార్క్‌కు చెందిన పర్ఫార్మెన్స్ గ్రూప్, దర్శకుడు రిచర్డ్ షెక్నర్, జోన్ మాకింటాష్ కరేజ్‌గా, ఈ నాటకాన్ని మన దేశానికి తెచ్చింది. ఢిల్లీ, లక్నో, కలకత్తా, భోపాల్, బొంబాయి, ఇంకా బెంగాల్‌లో సింగ్‌జోల్ అనే పల్లె. అప్పుడు ఎమర్జెన్సీ. మన వైపు పాట కట్టినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు జైళ్లలో ఉన్న రోజులు. ఇంగ్లీషులో మాట్లాడే ఆ కరేజ్‌ను ఒక పల్లె జనం కూర్చుని చూశారన్న మాటే నాకు ఎంతో ధైర్యమిస్తుంది. తర్వాత కోల్‌కతాలో ఉషా గంగూలీ రంగకర్మి బృందంతో హిందీలో 'హిమ్మత్ మాయీ'గా ఆడింది. 2006లో, ఇరాక్ యుద్ధం సాగుతుండగా, న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో టోనీ కుష్నర్ అనువాదంతో మెరిల్ స్ట్రీప్ ఉచిత ప్రదర్శనల్లో ఆడింది. లిన్ నాటేజ్ అనే రచయిత్రి ఈ నాటకాన్ని కాంగో యుద్ధానికి మలుద్దామని బయలుదేరింది. ఉగాండా వెళ్లి కాంగో నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్ల మాటలు విన్నాక, పాత కథ పక్కనపెట్టి తన సొంత నాటకమే రాసింది. 2009లో దానికి పులిట్జర్ వచ్చింది. ఇది కూడా ఈ నాటకం చేసిన ప్రయాణమే అంటాను.

ఇక డప్పు. పదకొండో రంగం. 1636 జనవరి రాత్రి. సైన్యం హాలె పట్టణం మీద చాటుగా పడబోతోంది. ఊరు నిద్రలో ఉంది. తల్లి సరుకు కోసం ఊళ్లోకి వెళ్లింది. రైతులు మోకరిల్లి ప్రార్థిస్తున్నారు. ఊళ్లో చిన్న పిల్లలున్నారన్న మాట చెవిన పడగానే మూగ కాట్రిన్ లేచి, తప్పెట తీసుకుని, గుడిసె కప్పు ఎక్కి, నిచ్చెన పైకి లాక్కుని వాయించడం మొదలుపెడుతుంది. సైనికులు ఆశ చూపుతారు, బెదిరిస్తారు, ఆ చప్పుడు వినబడకుండా కట్టెలు కొట్టిస్తారు, బండి పగలగొడతామంటారు. ఆమె ఆపదు. కాలుస్తారు. ఆమె చివరి దెబ్బ ఆగేసరికి ఊరి ఫిరంగులు మోగుతాయి. ఊరు లేచింది. బెర్లిన్‌లో అంగెలికా హుర్విచ్ ఈ పాత్ర వేసింది.

ఈ రంగం చదువుతుంటే నాకు మన చేర్యాల వైపు బైరాన్‌పల్లి గుర్తొస్తుంది. రజాకార్లను ఎదుర్కోవడానికి ఊరివాళ్లు బురుజు మీద కాపలా పెట్టుకున్నారు. ఆపద కనబడితే నగారా మోగించి ఊరిని లేపేవారు. 1948 ఆగస్టు 27న ఆ ఊరి మీద జరిగిన ఊచకోత మన పెద్దల నోట విన్నదే. ఐదు నెలలు నిండకముందే బెర్లిన్‌లో కాట్రిన్ కప్పెక్కింది. వాళ్లకు వీళ్లు తెలియదు, వీళ్లకు వాళ్లు తెలియదు. నగారా చప్పుడు మాత్రం ఒకటే.

మన ప్రదర్శనలో కాట్రిన్ చేతికి డప్పు ఇద్దామని పిల్లలు నిర్ణయించారు. నేర్పడానికి ఒక పెద్దమనిషి వచ్చాడు, చిన్నప్పటి నుంచి కొట్టినవాడు. రంగం ఎలా నడుస్తుందో చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "చలికాలం రాత్రి అంటున్నారు. ఆ పిల్ల డప్పు ఎక్కడ కాచుకుంది?" అని అడిగాడు. మంట మీద కాచకపోతే తోలు బిగుసుకోదు, దెబ్బ మందంగా పలుకుతుంది. సైనికులు చుట్టూ ఉంటే మంట వేసుకునే వ్యవధి ఆమెకు లేదు. అంటే మొదటి దెబ్బలు ఖంగున మోగకూడదు. ఇంకో మాట అన్నాడు: "నేర్చిన చేయి కాదు కదా, చిటికెన పుల్ల పట్టడం ఆమెకు రాదు. సిర్ర ఒక్కటే పట్టుకుని బాదాలి." పెళ్లి దరువు వేరు, చావు దరువు వేరు, చాటింపు దరువు వేరు, ఈ పిల్లది ఏ దరువూ కాదు అని తేల్చాడు. ఎన్నో పుస్తకాలు చదివి ఈ రంగం గురించి నేను రాసుకున్నదంతా ఆ మాటల ముందు చిన్నదైపోయింది.

మొన్న ఆదివారం మా కరేజ్ వేషం వేసే అమ్మాయిని తీసుకుని కూరగాయల అంగడికి వెళ్లాను. ఒక ముసలమ్మ దగ్గర కూర్చోబెట్టాను. నడుముకు దోపుకున్న గుడ్డసంచి తీసేటప్పుడు ఆమె కొనేవాళ్ల వైపు కొంచెం వీపు తిప్పుతుంది. చిల్లర వేళ్లతో లెక్కపెడుతుంది, చూపు మాత్రం ఎదుటి మనిషి మొహం మీదే. అమ్మాయి చాలాసేపు చూసింది. తర్వాత నాటకం కథ ఆమెకు చెప్పి, చివరి నాణెం సంగతి కూడా చెప్పింది. ముసలమ్మ ఏమీ తప్పుపట్టలేదు. "మళ్లా పొద్దున సరుకు తేవాలి కదా బిడ్డా" అంది.

ఆ సాయంత్రం రిహార్సల్‌లో మా అమ్మాయి నాణేలు తీసింది. వీపు కొంచెం తిప్పింది. ఒకటి సంచిలో వేసింది. ఆ అబ్బాయి, నన్ను ప్రశ్న అడిగిన అబ్బాయి, రైతు వేషంలో చేయి చాపి నిలబడి ఉన్నాడు. అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. చేయి మాత్రం వెనక్కి తీసుకున్నాడు, ఆ డబ్బు తీసుకోవడం తన వల్ల కానట్టు. రాత ప్రతిలో అలా లేదు. ఉంచేయమని చెప్పాను.

రేపటి నుంచి రోజూ సాయంత్రం ఆరు గంటలకు రిహార్సల్. ఎవరైనా వచ్చి చూడవచ్చు. మాకు తిరిగే వేదిక లేదు, బండిని గుండ్రంగా లాగుతాం. బండి ఇంకా దొరకలేదు. ఊళ్లలో ఇప్పుడు ట్రాక్టర్లే కనిపిస్తున్నాయి. మీలో ఎవరింటి వెనకైనా పాత ఎడ్లబండి మూలన పడి ఉంటే చెప్పండి. నొగలు విరిగినా ఫరవాలేదు, బాగు చేయించుకుంటాం. చక్రాలు తిరిగితే చాలు.